అద్దంలోని ఆకాశం

గత సంవత్సరం అక్టోబరు మాసంలో ఒకనాటి ఉదయం. ఫజ్ర్ నమాజు ముగించుకొని జానమాజు మడుస్తున్నాను. తూర్పు కిటికీ మీద ఎవరో తడిగుడ్డతో చరిచినట్లు ఒక చప్పుడు వినిపించింది. సముద్రపు గాలికి ఏదో కొట్టుకొని ఉంటుందనుకొని పట్టించుకోలేదు. కాసేపటికి ఎనిమిదేళ్ల నా మనుమరాలు వరండాలో నుండి రెండు చేతులూ దోసిలిగా పట్టుకొని లోపలికి వచ్చింది.

“నానీ, చూడండి, పిట్ట నిద్రపోతోంది!”

అది నిద్ర కాదు. గోరువంక కంటే చిన్నదైన పక్షి అది. వీపు లేత ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలి మచ్చ, కంటి మీదుగా కాటుక దిద్దినట్లు నల్లని పట్టీ, రొమ్ము గంధపు రంగు, పొట్టి తోక కింద గోరింట పండినట్లు ఎరుపు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. మెడ మాత్రం వాలిపోయింది. కిటికీ అద్దం మీద సన్నని బూడిద వంటి పొడి, దానిలో రెక్కల ముద్ర కనిపించాయి.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అద్దాన్నీ, చేతిలోని పిట్టనూ మార్చి మార్చి చూసి, “దీన్ని మన కిటికీయే చంపిందా, నానీ?” అని అడిగింది.

ఇటువంటి ప్రశ్నకు పెద్దలు చెప్పే తేలిక సమాధానాలు నాకు చాలా తెలుసు. పోనీలే, పిట్టే కదా అనవచ్చు. దాని ఆయుష్షు అంతే అని కూడా అనవచ్చు. ఆ రెండవ మాట విశ్వాసి నోట అబద్ధం కాదు. కాని పిల్ల అడిగింది ఆయుష్షు గురించి కాదు, కిటికీ గురించి. ఆ క్షణంలో నాకు అబూ ఉమైర్ వృత్తాంతం జ్ఞాపకం వచ్చింది. అబూ ఉమైర్ హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు, పసివాడు. అతని వద్ద నుగైర్ అని పిలిచే ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయింది. ఆ ఇంటికి విచ్చేసిన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పిల్లవాడు దిగులుగా కూర్చొని ఉండడం గమనించి, అతనిని పెద్దవారిని పిలిచినట్లు ‘అబూ ఉమైర్’ అని సంబోధిస్తూ, ఆ పేరుకూ పిట్ట పేరుకూ ప్రాస కుదిరేలా, నీ పిట్ట ఏమయిందని ఆప్యాయంగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైన హదీసు ఇది. ఈ ఒక్క చిన్న సంఘటన నుండి అరవై ప్రయోజనాలను వెలికితీసి ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. నా వరకు ఒక్క ప్రయోజనం చాలు. పిట్ట కోసం దిగులుపడిన పిల్లవాడి దిగులును ఆయన చిన్నచూపు చూడలేదు.

అందుచేత ఉన్నమాటే చెప్పాను. “అవునమ్మా, మన కిటికీయే. మనకు తెలియక జరిగింది.”

జామచెట్టు మొదట్లో గుంట తీసి దానిని పాతిపెట్టాం. ఇంత చక్కని పిట్టను మట్టిపాలు చేయడమెందుకు, కూరకు పనికిరాదా అని పక్కింటి పెద్దాయన హాస్యమాడారు. దెబ్బ తగిలి, జబహ్ కాకుండా చనిపోయినది మనకు హలాల్ కాదన్న సంగతి (అల్ మాయిదా: 3) ఆయనకూ తెలుసు. పైగా అడవి పక్షులను పట్టడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

సాయంత్రం, మా ఊరిలో పక్షుల ఫోటోలు తీసే ఒక యువకునికి ఆనవాళ్లు చెప్పగానే పేరు చెప్పాడు. అది పొన్నంగి పిట్ట. ఒంటి మీద అన్ని రంగులున్నాయి కనుకనే ఉత్తరాది వారు దానిని నవరంగ్ అంటారు. మరొక ముచ్చట కూడా చెప్పాడు. ఆస్ట్రేలియా నుండి ఆఫ్రికా వరకు ఈ కుటుంబానికి చెందిన పక్షులన్నింటినీ శాస్త్రవేత్తలు ‘పిట్టా’ అనే పిలుస్తారట. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త స్థిరపరచిన ఆ పేరు మన తెలుగు ‘పిట్ట’ నుండే వెళ్లింది. లోకమంతా మన మాటతో పిలిచే పక్షిని నేను అరవై ఏళ్లు దాటాక, అదీ చనిపోయినప్పుడు, మొదటిసారి చూశానన్నమాట.

పొన్నంగి పిట్ట హిమాలయాల దిగువ అడవులలోనూ, మధ్య భారతంలోనూ వానాకాలంలో గూడు కట్టి పిల్లలను పెంచుతుంది. చలికాలం సమీపించగానే దక్షిణానికి, శ్రీలంక వరకు తరలిపోతుంది. ఆ ప్రయాణమంతా రాత్రివేళ. చిన్న పక్షులలో చాలా జాతులు ఇలాగే రాత్రులు ఎగురుతాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. డేగల భయం తక్కువ. పగలంతా మేత వెతుక్కోవడానికి మిగులుతుంది. దారి తెలుసుకోవడానికి నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి వాటికి తోడ్పడతాయి. రాత్రంతా ఎగిరి అలసిన పక్షి తెల్లవారుజామున ఏదో ఒక తోపు చూసుకొని దిగుతుంది. మనం ఫజ్ర్‌కు లేచే వేళ అది. ఆకలితో, అపరిచితమైన చోట, ఇళ్ల మధ్య ఉన్న చెట్ల నుండి చెట్లకు ఎగురుతూ ఉంటుంది. కిటికీల ప్రమాదాలు ఎక్కువగా ఉదయపు గంటలలోనే జరగడానికి ఇదే కారణం.

భీమునిపట్నంలో పుట్టి పెరిగిన వారికి వలస పక్షులు కొత్త కాదు. మనం తలెత్తి చూడడమే కొత్త. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి అక్టోబరు నుండి ఏ ఉదయమైనా వెళ్లి చూడండి. నీరు వెనక్కు తగ్గే ఆటువేళ బయటపడిన బురదలో, ఇసుకలో ఉల్లంకి పిట్టలు సన్నని కాళ్లతో పరుగులు తీస్తూ ముక్కుతో పొడుచుకుంటూ ఉంటాయి. వాటిలో కొన్ని మంచు కరిగే ఉత్తర దేశాలలో గుడ్లు పెట్టి వచ్చినవి. తలమీద గోధుమ రంగు చలికాలంలో వెలిసిపోయి, చెవి దగ్గర ఒక మచ్చగా మాత్రమే మిగిలే తెల్లని సముద్ర పక్షులు మధ్య ఆసియా, టిబెట్ ఎత్తయిన సరస్సుల నుండి వస్తాయి. కరెంటు తీగల మీద వరుసగా వాలే వానకోవెలలు, పచ్చికలో తోక ఊపుతూ నడిచే కాటుక పిట్టలు కూడా ఈ కాలపు అతిథులే. ఆర్కిటిక్ తీరం నుండి హిందూ మహాసముద్రం వరకు ముప్పై దేశాల మీదుగా సాగే ఈ ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. నీటిపక్షులే 182 జాతులు దీనిని ఆశ్రయించి ఉన్నాయి. మన దేశం ఈ మార్గానికి నడిబొడ్డున ఉంది.

ఇక్కడ చిన్న సవరణ. మన పత్రికలలో ప్రతి పెద్ద కొంగనూ ‘సైబీరియా పక్షి’ అనడం అలవాటైంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే గూడబాతులనూ, ఎర్రకాళ్ల కొంగలనూ, తేలుకుంచి చింతచెట్ల మీద వాలే నత్తగుల్ల కొంగలనూ అలాగే పిలుస్తారు. నత్తగుల్ల కొంగకు సైబీరియాతో చుట్టరికం లేదు. అది మన ఉపఖండమూ, దాని తూర్పు దేశాల పక్షి. అయితే ఆ గ్రామస్థులు చేస్తున్న పనికి ఈ పొరపాటు అడ్డురాలేదు. వచ్చిన పక్షులను అతిథులుగా భావించి, తరతరాలుగా వాటి జోలికి ఎవరినీ పోనివ్వకుండా కాపాడుతున్నారు.

నా ఇంటికి వచ్చిన అతిథి మాత్రం గుమ్మంలోనే చనిపోయింది. ఎందుకు చనిపోయిందో అర్థం చేసుకోవడానికి నేను ఖుర్‌ఆన్‌లోని అన్ నమ్ల్ సూరా తెరిచాను. పక్షి గురించి ఆలోచిస్తే హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గుర్తుకు రావడం సహజం. పక్షుల భాష నేర్పబడిన ప్రవక్త ఆయన. సైన్యాన్ని పరిశీలిస్తూ హుద్‌హుద్ పక్షి కనబడలేదని ఆరా తీసిన రాజు ఆయన. హుద్‌హుద్ అంటే తల మీద విసనకర్ర వంటి కుచ్చుతో మన పొలాలలో కూడా నేల పొడుచుకుంటూ తిరిగే కూకుడు గువ్వే.

కాని విశాఖ వాసులకు హుద్‌హుద్ అనగానే పక్షి కంటే ముందు తుఫాను గుర్తుకు వస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన ఆ తుఫానుకు ఆ పేరు సూచించిన దేశం ఒమన్. ఆ రోజు మా పాత ఇంటి టేకు కిటికీ రెక్కలు గాలికి ఊడి వీధిలో పడ్డాయి. వాటి స్థానంలో మేము అల్యూమినియం చట్రాల పెద్ద పెద్ద అద్దాలు పెట్టించుకున్నాం. వెలుతురు బాగా వస్తుందని, సముద్రం కనిపిస్తుందని మురిసిపోయాం. తర్వాత ఎదురుగా ఒక అపార్ట్‌మెంటు లేచింది. దాని బాల్కనీలకు మా గదులు తెరిచిన పుస్తకమయ్యాయి. ఇంట్లో ఆడపిల్లలున్నారు, పర్దా ఉండాలి కదా అని, లోపల నుండి బయటకు కనిపిస్తూ బయట నుండి చూస్తే అద్దంలా మెరిసే ఫిల్మ్ అంటించాం. పిట్ట పేరు పెట్టుకున్న తుఫాను వల్ల మా ఇంటికి వచ్చిన అద్దమే చివరికి పిట్ట ప్రాణం తీసింది.

అదే సూరాలో నలభై నాలుగవ ఆయత్ వద్ద నా చూపు ఆగిపోయింది. సబా రాణిని సులైమాన్ (అ) సౌధంలోకి ఆహ్వానిస్తారు. అక్కడి నేలను ఆమె లోతైన నీరనుకొని, తడవకుండా వస్త్రాన్ని పైకి ఎత్తిపట్టుకుంటుంది. అది నీరు కాదు, నున్నని గాజు పరచిన నేల అని ఆయన ఆమెకు తెలియజేస్తారు. ఆ వృత్తాంతంలోని ఆధ్యాత్మిక సందేశం చాలా ఉన్నతమైనది. పండితులు దానిని విస్తారంగా వివరించారు. నాకు ఆ ఉదయం దానిలో ఉన్న మామూలు విషయం కూడా కనిపించింది. ఒక రాజ్యాన్ని ఏలుతున్న వివేకవంతురాలైన స్త్రీ కళ్లను గాజు మోసగించింది. ఆమెకు చెప్పేవారు ఉన్నారు, ఆమె తెలుసుకున్నది. నా కిటికీలో తెల్లవారుజాము ఆకాశం, జామచెట్టు కొమ్మలు యథాతథంగా కనబడుతుంటే, అది గాజు అని ఆ పిట్టకు చెప్పేవారెవరు?

ఆ సూరాకు పేరు తెచ్చిన చీమ మాట కూడా ఇక్కడ తలచుకోవాలి. సులైమాన్ (అ) సేనలు వస్తున్నాయి, పుట్టలలోకి వెళ్లండి అని అది తోటి చీమలను హెచ్చరిస్తుంది. తమకు తెలియకుండానే వారు మిమ్మల్ని నలిపివేస్తారేమోనని దాని ఆందోళన. ఆ చీమ వారిని దుర్మార్గులనలేదు. తెలియక తొక్కుతారని మాత్రమే అన్నది. ఆ మాట విని సులైమాన్ (అ) చిరునవ్వు నవ్వి, అల్లాహ్ అనుగ్రహాలకు కృతజ్ఞత తెలిపే, ఆయనకు ప్రీతికరమైన సత్కార్యాలు చేసే భాగ్యం కోసం ప్రార్థించారు. తెలియక జరిగినదానికి నేను నేరస్థురాలిని కానని నాకు తెలుసు. అయితే ఆ ఉదయం నుండి నాకు తెలియదు అని చెప్పుకొనే వీలు లేదు.

ఇదొక్క మా ఇంటి సమస్య అయితే ఈ శీర్షికలో రాసేదాన్ని కాదు. అమెరికాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం అక్కడ భవనాల అద్దాలకు ఢీకొని ఏటా ముప్పై ఆరున్నర కోట్ల నుండి దాదాపు తొంభై తొమ్మిది కోట్ల వరకు పక్షులు చనిపోతున్నాయని అంచనా వేసింది. మనం తలచేదానికి భిన్నంగా, వాటిలో ఆకాశహర్మ్యాల వాటా ఒక్క శాతం కూడా లేదు. దాదాపు నలభై నాలుగు శాతం మూడంతస్తుల లోపు నివాస గృహాల దగ్గరే. ఒక్కొక్క ఇంటి దగ్గర చనిపోయేవి ఏడాదికి ఒకటో రెండో. ఇళ్లు మాత్రం కోట్లు. కాబట్టే ఎవరికి వారికి తమ కిటికీ నిర్దోషి అనిపిస్తుంది. చనిపోయిన పిట్టను తెల్లారేసరికి పిల్లో కాకో ఎత్తుకుపోతే ఆ ఒక్క సాక్ష్యం కూడా మిగలదు.

షికాగో నగరంలో సరస్సు ఒడ్డున మెక్‌కార్మిక్ ప్లేస్ అనే అద్దాల భవనం ఉంది. 2023 అక్టోబరు 4 రాత్రి నుండి మరుసటి ఉదయం వరకు, ఆ ఒక్క భవనానికే కొట్టుకొని దాదాపు వెయ్యి వలస పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది దాని అద్దాల నిండా చిన్న చిన్న చుక్కలున్న ఫిల్మ్ అంటించారు. మరణాలు సుమారు 95 శాతం తగ్గిపోయాయి. చుక్కలే! మరే యంత్రమూ కాదు.

పక్షి తన శరీరం పట్టే సందు ఉందో లేదో చూసి ఎగురుతుంది. కొమ్మల మధ్య సందులలో నుండి దూసుకుపోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అద్దం మీద రెండంగుళాలకు మించని ఎడంతో గీతలో చుక్కలో ఉంటే, ఈ సందులో పట్టనని అది పక్కకు తిరుగుతుంది. ఎడం ఎక్కువైతే మధ్యలో నుండి దూరబోతుంది. డేగ బొమ్మ స్టిక్కరు ఒకటి అంటించి ఊరుకుంటే ప్రయోజనం లేకపోవడానికి ఇదే కారణం. పిట్ట దానిని చూసి భయపడదు, దాని పక్కనున్న ‘ఆకాశం’లోకి వెళ్తుంది. ఆ గుర్తులు అద్దానికి వెలుపలి వైపునే ఉండాలి. లోపలి వైపున ఉన్నవి, ప్రతిబింబం మెరుస్తున్నప్పుడు బయటి నుండి కనిపించవు. లోపల పరదాలు దించినంత మాత్రాన సరిపోదనేది కూడా అందుకే.

మొదట మీ ఇంటి ఏ కిటికీ ప్రమాదకరమో తెలుసుకోండి. ఉదయం బయటకు వెళ్లి, చెట్టు దగ్గర నిలబడి, మీ కిటికీలను చూడండి. దేనిలో చెట్టు, మబ్బు స్పష్టంగా కనబడుతున్నదో అదే. ఒక కిటికీలో నుండి చూస్తే ఎదుటి కిటికీ గుండా అవతలి వెలుగు కనబడుతున్నా ప్రమాదమే. పిట్ట ఇంటి మధ్యగా దారి ఉందనుకుంటుంది. సముద్రానికి ఎదురుగా కొత్తగా కడుతున్న ఇళ్లలో బాల్కనీలకు ఇనుప ఊచలకు బదులు నిలువెత్తు గాజు పలకలు పెడుతున్నారు. అందంగానే ఉంటాయి, కాదనను. కాని ఇప్పుడే ఇల్లు కట్టుకుంటున్నవారు ఎవరైనా సలహా అడిగితే, ఊచలే పెట్టించుకోమంటాను.

మా ఇంట్లో మొదట చేసిన పని ఆ మెరిసే ఫిల్మ్ పీకివేయడం. వెంటనే పర్దా మాట వచ్చింది. మా అల్లుడు సందేహంగా, “అత్తయ్యా, పిట్ట కోసం ఇంటి పర్దా తీసేస్తామా?” అన్నాడు. అడగవలసిన మాటే అడిగాడు. దానికి సమాధానం మన పెద్దల ఇళ్లలోనే ఉంది. వారికి అద్దాలు లేవు, పర్దా ఉంది. గుమ్మాలకు వెదురు పుల్లలతో అల్లిన చిలమన్ వేలాడేది. లోపలివారికి వీధి కనిపించేది, వీధివారికి లోపల కనిపించేది కాదు, గాలి ఆగేది కాదు. మస్జిదులకు, హవేలీలకు రాతిలో జాలీలు చెక్కారు. అహ్మదాబాదులోని సిద్దీ సయ్యద్ మస్జిదులో పదహారవ శతాబ్దంలో చెక్కిన జాలీని చూడటానికి ఈనాటికీ దూరదేశాల వారు వస్తారు. రాతిలో అల్లుకున్న చెట్టు అది. ఆ జాలీకి ఢీకొని ఏ పిట్టా చనిపోదు. ఇస్తాంబుల్‌లో ఉస్మానియా కాలపు నిర్మాతలు ఇంకొక అడుగు ముందుకేసి, మస్జిదు గోడలలోనే పిట్టల కోసం బుల్లి మేడలు చెక్కారు. ఉస్కుదార్‌లోని అయాజ్మా మస్జిదు గోడ మీద అవి ఇప్పటికీ ఉన్నాయి. పర్దా కోసం అద్దాన్ని మెరిపించడం మన సంప్రదాయం కాదు, అది నిన్నమొన్నటి వ్యాపారం. ఈ సంగతి చెప్పాక మా అల్లుడే బజారుకు వెళ్లి వెదురు తెరలు కొలత ఇచ్చి వచ్చాడు.

తూర్పు కిటికీకి వెలుపల చిలమన్ కట్టాం. వంటగది కిటికీకి దోమల జాలీ వేయించాం, అదీ అద్దానికి బయటి వైపున, కొంచెం ఎడంగా, బిగుతుగా. దోమలకూ పిట్టలకూ ఒకే ఖర్చు. మనది ఉప్పుగాలి ఊరు కనుక ఇనుప జాలీ ఏడాదికే తుప్పు పడుతుంది. నైలాను జాలీ మేలు. మేడ మెట్ల దగ్గరి పొడవాటి అద్దానికి జాలీ కుదరలేదు. దానికి పైనొక కర్ర బిగించి, నైలాను తాళ్లు నిలువుగా వేలాడదీశాం. తాడుకూ తాడుకూ మధ్య బెత్తెడు ఎడం. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి మా మనుమరాలే కొలిచింది. నిలువు తాళ్లకు నాలుగంగుళాల వరకు ఎడం ఉన్నా పనిచేస్తుందంటారు. బెత్తెడు దానికి లోపే.

అద్దె ఇళ్లలో ఉన్నవారికి మేకులు కొట్టే అధికారం ఉండదు. వారు అక్టోబరు, నవంబరు మాసాలలో అద్దం వెలుపల సబ్బు ముక్కతోనో, పలుచని సున్నంతోనో రెండంగుళాల ఎడంతో గీతలు గీసుకోవచ్చు. ఈశాన్య రుతుపవనాల వాన పడితే చెరిగిపోతాయి, మళ్లీ గీయాలి. పిల్లలకు ఆ పని అప్పగిస్తే ఎన్నిసార్లు చెరిగినా విసుగు రాదని నా అనుభవం. పై అంతస్తుల వారు మాత్రం కిటికీ బయటకు వంగి ఈ పనులు చేయవద్దు, పిల్లలను అసలే దించవద్దు. జాలీ బిగించే మనిషినే పిలవాలి. పిట్టలకు నీళ్ల మూకుడు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, పుణ్యకార్యం. ఆ మూకుడు కిటికీకి మూడడుగుల లోపు పెట్టండి, లేదా ముప్పై అడుగులకు అవతల పెట్టండి. మరీ దగ్గరైతే పిట్ట ఎగిరే వేగం అందుకోకముందే అద్దం వస్తుంది, దెబ్బ తగలదు. మధ్య దూరమే ప్రాణాంతకం.

రాత్రి దీపాల సంగతి కూడా చెప్పుకోవాలి. రాత్రివేళ వెళ్లే పక్షులను వెలుగు దారి మళ్లిస్తుంది, ముఖ్యంగా మబ్బు పట్టిన రాత్రులలో. ఓడరేవు, ఉక్కు కర్మాగారం దీపాలు మన చేతిలో లేవు. మేడ మీద తెల్లవార్లూ వెలిగే బల్బు మన చేతిలో ఉంది. నిద్రించే ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అది ఇళ్లు అంటుకోకుండా చెప్పిన జాగ్రత్త అని హదీసులోనే స్పష్టంగా ఉంది. దానిని లాగి పక్షులకు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇషా తర్వాత ఆర్పివేసే ఇంటికి ఆ మేలు కూడా దానంతట అదే జరుగుతుంది, అంతే. పెళ్లిళ్ల సీరియల్ బల్బులు కూడా విందు ముగిశాక ఎవరికోసం వెలగాలో నాకెప్పుడూ అర్థం కాలేదు.

దెబ్బ తగిలిన ప్రతి పిట్టా వెంటనే చనిపోదు. నేల మీద కళ్లు మూసుకొని, ఒళ్లు ఉబ్బించుకొని కూర్చుంటే అది దిమ్మెరపోయిందన్నమాట. చెప్పుల అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, అడుగున మెత్తని గుడ్డ పరచి, దానిని సున్నితంగా లోపల ఉంచి మూత పెట్టండి. చీకటి, నిశ్శబ్దం, దానికి కావలసిన వైద్యం ఇదే. నోరు తెరిచి నీళ్లు పోయవద్దు. జాలితో చేసే ఈ పని ఊపిరితిత్తులలోకి నీరు పోయి ప్రాణం తీస్తుంది. మెతుకులు పెట్టవద్దు. మాటిమాటికీ మూత తీసి చూడవద్దు. గంట, రెండు గంటల తర్వాత పెట్టెను చెట్ల దగ్గరకు, కిటికీలకు దూరంగా తీసుకుపోయి తెరవండి. ఎగరలేకపోయినా, రెక్క వేలాడుతున్నా పశువైద్యుని దగ్గరకో, అటవీశాఖ వారి దగ్గరకో చేర్చాలి.

మా మనుమరాలు ఇప్పుడొక నోటు పుస్తకం పెట్టుకుంది. నవంబరు 12 ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ పుట్టినరోజు. 1896లో ముంబయిలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించి, మేనమామ ఇంట పెరిగిన ఆ బాలుడు ఒకనాడు తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇది తినదగినదేనా అని సందేహించాడట. ఆ సందేహం అతనిని ముంబయి ప్రకృతి చరిత్ర సంఘం తలుపు వద్దకు చేర్చింది. తర్వాత 1930ల ఆరంభంలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి అక్కడి పక్షులను నమోదు చేసింది ఆయనే. ఈ కథ చెప్పిన నాటి నుండి మా పిల్ల పుస్తకంలో తేదీ, వేళ, గాలి ఎటు వీచింది, ఏ పిట్ట ఎక్కడ వాలింది అన్నీ రాస్తున్నది. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. పిట్టల లెక్కలో మాత్రం తేడా రాదు.

ఈ సంవత్సరం వానలు వెనుకబట్టాక చిలమన్ తాళ్లు మార్చాం, ఉప్పుగాలికి అవి నవిసిపోయాయి. తూర్పు కిటికీ దగ్గర ఒక్క చప్పుడూ వినలేదు. పది రోజుల క్రితం మాత్రం స్నానాలగది పక్కనున్న చిన్న అద్దానికి ఏదో కొట్టుకుంది. దానిని మేము లెక్కలోకే తీసుకోలేదు, చెయ్యెడు అద్దం ఏం చేస్తుందిలే అని. చూస్తే ఆకుపచ్చ వీపు, పొట్టి తోక. కళ్లు మూసుకొని ఉంది, రొమ్ము మాత్రం ఆడుతోంది. పిల్ల నన్ను పిలవకుండానే చెప్పుల పెట్టె తెచ్చింది. రెండు గంటలు దాని దగ్గర ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత పెట్టెను జామచెట్టు కిందికి తీసుకుపోయి మూత తీశాం. పిట్ట ఒక క్షణం మమ్మల్ని చూసింది, గడ్డిలోకి దుమికింది, రెండు గెంతులు వేసి ప్రహరీగోడ మీదుగా ఎగిరిపోయింది.

సాయంత్రం అస్ర్ తర్వాత ఆ చిన్న అద్దానికి కూడా తాళ్లు కట్టాం. పుస్తకంలో ఆ రోజు పేజీలో పిట్ట పేరు రాసి, ఎదురుగా ‘వెళ్లిపోయింది’ అని రాసి ఉంది.